కొబ్బరిచిప్ప వంతు

కొండ కింద ఒక ఊటమడుగు. రాత్రంతా ఊరి, తెల్లారేసరికి నిండుతుంది. పొద్దుగూకేసరికి అడుగు కనిపిస్తుంది. ఆ నీళ్ళే పైన చేలలో ఉండే ఎడ్లకూ గేదెలకూ ఆధారం. దిగువ పేటలో ఉండే గాడిదలకూ, మేకలకూ, వీధికుక్కలకూ అవే ఆధారం. మడుగు కాలువ ఒకచోట రెండుగా చీలుతుంది. అక్కడున్న చెక్క పలకను ఇటు తోస్తే నీళ్ళు చేలకు, అటు తోస్తే పేటకు.

ఎవరికి ఎంతసేపన్నది ఒక కొబ్బరిచిప్ప చెబుతుంది. దాని అడుగున సన్నటి బెజ్జం. పలక పక్కనున్న తొట్టిలో తేలవేస్తే నీళ్ళెక్కి మెల్లగా మునుగుతుంది. పది మునకలు చేలకు, పది మునకలు పేటకు. దాంతో మడుగు ఖాళీ. చిప్ప చూసే పనీ, పలక తోసే పనీ గుంటనక్క కొండప్పవి. "మీలో మీరు పోట్లాడుకోకండి. నాకు ఇటూ లేదు, అటూ లేదు" అంటూ మూడేళ్ళ కిందట తనే వచ్చి కూర్చున్నాడు.

ఈ వేసవి చేలకొచ్చే నీళ్ళు తగ్గిపోయి, బూడిదన్న అనే ముసలి ఎద్దుకు దిగులు పట్టుకుంది. జొన్న పొట్ట మీదుంది. ఈ వారం తడి అందకపోతే కంకీ రాదు, చొప్పా రాదు. దొడ్లో దూడలు ఏడాదంతా పస్తులే.

"ఏం కొండప్పా, మా నీళ్ళేమైపోతున్నాయి?"

కొండప్ప చెవి దగ్గరికొచ్చాడు. "చెబితే బాగోదన్నా. పేటవాళ్ళు చాటుగా పలక జరుపుతున్నారు. ఆ గాడిద గంగులమ్మ నోటికి జడిసి ఊరుకుంటున్నా. నువ్వు మాత్రం అటు వెళ్ళకు, తంతుంది."

బూడిదన్నకు కోపం రావడానికే రెండు రోజులు పట్టింది. వచ్చాక నేరుగా పేటకు నడిచాడు. సంతవీధి తొట్టి దగ్గర గంగులమ్మ నిలబడి ఉంది. తొట్టి అడుగున పాచి ఎండి పెచ్చులు లేస్తోంది.

"రావయ్యా పెద్దాయనా! మా నీళ్ళన్నీ తాగి, అరక్క షికారొచ్చావా?"

"మేం తాగామా? పలక జరిపేది మీరు కదూ!"

"ఎవరన్నారు?"

"కొండప్ప."

గంగులమ్మ చెవులు రిక్కించింది. "జరిపేది మీరని మాకు చెప్పాడే! నీ దగ్గరికొస్తే కుమ్ముతావన్నాడు. మా మేకల్ని కాపలా కూడా పెట్టాం. మీకూ పదే, మాకూ పదే అన్నాయి."

"లెక్క నేనూ చూశాను, పదే." బూడిదన్న కాసేపు నెమరేశాడు. "మరి చిప్పనెవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు.

బూడిదన్న వయసులో మోట లాగినవాడు. బావి దగ్గర ఏటవాలు బాటలో దిగుతూ, వెనక్కొస్తూ, తోలుబొక్కెనతో నీళ్ళు పైకి లాగడమే అప్పటి పని. ఇప్పటికీ ఎక్కడ నడిచినా అదే అడుగు, అదే వేగం. మర్నాడు కాలువ గట్టు మీద ఊరికే తిరుగుతున్నట్టు తిరిగాడు. పూర్వం తను ఆ గట్టు మీద నలభై చుట్లు తిరిగేసరికి మునిగే చిప్ప ఇప్పుడు ఇరవై ఐదుకే బుడుంగుమంది.

"బెజ్జం పెద్దదైంది గంగులమ్మా. మన వంతులు త్వరగా ముగుస్తున్నాయి. మడుగులో మిగిలేదెక్కడికి పోతోంది?"

"ఇంత ఎండలోనూ కొండప్ప గుహ ముందరి వంకలో నీళ్ళున్నాయనీ, ఎండ్రకాయలు కొవ్వెక్కి తిరుగుతున్నాయనీ, వాడికి రోజూ విందేననీ కుక్కలంటున్నాయి. మనం వెళ్ళాక మిగిలిన నీళ్ళు అటు మళ్ళించుకుంటున్నాడన్నమాట. పద, వాడి నడుం విరగ్గొడతా!"

"ఆగు తల్లీ. తంతే ఏడుస్తాడు గానీ ఒప్పుకోడు. దానంతటదే అరిగిందంటాడు. వాడి చేతే చూపిద్దాం."

మర్నాడు రెండు వైపులవాళ్ళూ పలక దగ్గర చేరారు. బూడిదన్న గొంతు సవరించుకున్నాడు.

"కొండప్పా, మూడేళ్ళుగా ఊరికే చాకిరీ చేస్తున్నావు. మాకే సిగ్గుగా ఉంది. ఇవాళ్టి నుంచి నీకూ వంతు, చివర్లో ఐదు మునకలు. అవయ్యాక మిగిలింది మడుగులోనే ఉండనీ. మేమంతా ఇక్కడే కూర్చుంటాం."

ఆ చివరి మాటకు కొండప్ప మొహం వాడింది. అంతలోనే మళ్ళీ విప్పారింది. "మీ ప్రేమ కాదంటే పాపం కదన్నా!"

చేల వంతు అయింది. పేట వంతూ అయింది. కొండప్ప చిప్పను అటు తిప్పి ఇటు తిప్పి, గట్టు పక్కన బాగా కడిగి, తన వంతుకు తేలవేశాడు. బూడిదన్న నడక మొదలుపెట్టాడు. పాతిక చుట్లు. నలభై. డెబ్భై. చిప్ప హాయిగా తేలుతూనే ఉంది. మేకలు కిసుక్కుమన్నాయి.

"ఏం మామా, నీ వంతు రాగానే చిప్పకి ఈతొచ్చిందే!" అంటూ గంగులమ్మ దాన్ని పళ్ళతో పైకెత్తి బోర్లించింది. బెజ్జంలో బంకమట్టి. కాలితో పొడిస్తే ఊడిపడింది. చుట్టూ కొరికిన గాట్లు బయటపడ్డాయి.

"గాలికి కొట్టుకొచ్చుంటుంది" అన్నాడు కొండప్ప.

"మా వంతుకి గాలి వీచలేదా మామా?"

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. దారి మాత్రం వదిలారు. కొండప్ప తోక ముడుచుకుని ఆ దారిన వెళ్ళిపోయాడు.

కొత్త చిప్పకు బెజ్జం పెట్టారు, బూడిదన్న నడిచి సరిచూశాడు. అప్పటి నుంచి తొట్టికి ఇటో ఎద్దు, అటో గాడిద కూర్చుంటున్నాయి. మిగిలిన మడుగు నీళ్ళు ఆ సాయంత్రమే సగం జొన్నకు, సగం పేట తొట్టికి వెళ్ళాయి. నాలుగు రోజులకు వంక ఎండింది. ఎండ్రకాయలన్నీ మూటాముల్లె సర్దుకున్నట్టు వరసగా మడుగు దారి పట్టాయి. వాటి వెంట వెళ్ళే మొహం లేక కొండప్ప గుహలోంచి చూస్తూ కూర్చున్నాడు.

నీతి: నీళ్ళు పంచుకునేవాళ్ళు ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, కొలతను ఇద్దరూ కలిసి చూసుకోవాలి.