కెంపి వేసిన పొడుగు ఈల

ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు కెంపి అనే రేచుకుక్క గుహ ముందు కూర్చుని కొడుకు చెవులు నాకుతోంది.

ఆ అడవి పేరు ఎర్రచెలమ. అక్కడ దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు, ఒక చిరుత ఉండేవి. కొండవాలులో ఒక రాతిగుహ దగ్గర రేచుకుక్కల గుంపు ఉండేది. రేచుకుక్కలంటే అడవికుక్కలు, వాటి ఒళ్లు ఎర్రగా ఉంటుంది. అందుకే ఆ గుంపులో అందరివీ ఎర్రటి పేర్లే. గుంపుకు పెద్ద జేగురు తాత. కెంపి, మోదుగ అక్కచెల్లెళ్లు. కెంపి కొడుకు చండ్ర. మోదుగ కూతురు దానిమ్మ.

రేచుకుక్కలు ఊరకుక్కల్లా మొరగవు. ఈల వేస్తాయి.

ఆ గుంపులో కొన్ని కట్టుబాట్లు ఉండేవి. వేట దొరికితే ముందు పిల్లలు తినాలి. పెద్దలు చుట్టూ నిలబడి కాపలా కాయాలి. అందరూ వేటకు బయలుదేరితే ఒకరు పిల్లల దగ్గర ఆగిపోవాలి. వేటగాళ్లు గట్టు ఎక్కాక ఒకసారి ఆగి ఇంటి ఈల కోసం వింటారు. పొడుగ్గా ఒక్క ఈల వినబడితే, ఇంటి దగ్గర అంతా బాగుంది, ముందుకు వెళ్లండి అని అర్థం. పొట్టిగా రెండు ఈలలు వినబడితే రమ్మని అర్థం. అప్పుడు దుప్పి నోటిదాకా వచ్చినా వదిలేసి వెనక్కి పరుగెత్తాలి. ఎందుకు పిలిచారని అడగకూడదు.

ఈల వేయడంలో కెంపిని మించినవాళ్లు లేరు. ఆమె ఈల గట్టు దాటి, వాగు దాటి వినబడేది.

"కెంపి ఈల విన్నామంటే కళ్లతో చూసినట్టే," అనేవాడు జేగురు తాత.

ఆ మాట విన్నప్పుడల్లా కెంపి తోక పైకి లేచేది. కొడుకును చూసినా అలాగే లేచేది. చండ్ర తోటి పిల్లలందరికంటే బలమైనవాడు. పాలు మానకముందే ఒక ముంగిసను పట్టి చంపాడు. ఆకలేసి కాదు. చంపి అక్కడే వదిలేశాడు. ఆ రోజు కెంపి గట్టెక్కి అడవంతా వినబడేలా ఈల వేసింది.

"నా కొడుకు పళ్లు చూశావా మోదుగా?" అని అడిగింది.

"చూశానక్కా. నా కూతురి చెవి మీద చూశాను," అంది మోదుగ.

"పిల్లలన్నాక కొట్టుకోరా?"

"కొట్టుకుంటారు. కిందపడ్డవాళ్లు కుయ్యిమంటే మిగతా పిల్లలు వదిలేస్తారు. నీవాడు అప్పుడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు."

"నీ పిల్ల మరీ మెతక. దానికి నావాడేం చేస్తాడు?" అని కెంపి నవ్వేసింది.

నవ్వింది కానీ చెల్లెలు చెప్పింది నిజమని ఆమెకు తెలుసు. తింటున్నప్పుడు దగ్గరికి వెళితే చండ్ర తల్లి మీద కూడా గుర్రుమనేవాడు. కెంపి మెడ మీద వెంట్రుకలు లేచేవి. కన్నకొడుకును చూసి భయపడే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని ఆమె సిగ్గుపడేది. ముంగిసను చంపిన రోజు నేను ఈల వేయకపోతే వీడు ఇలా తయారయ్యేవాడు కాదేమో అనుకునేది. ఈ మాటలు ఎవరికీ చెప్పేది కాదు. మర్నాడు పొద్దున్నే వాడి చెవులు ఇంకా శ్రద్ధగా నాకేది.

ఆ ఉదయం కూడా అదే పనిలో ఉంది.

"చాల్లేమ్మా," అన్నాడు చండ్ర తల విదిలించి.

"ఈ చెవి వెనక మట్టి ఉందిరా."

"చాలన్నానా!" అని వాడు పళ్లు చూపించాడు.

కెంపి నాలుక వెనక్కి తీసుకుంది.

ఆ రోజు కాపలా ఆమెదే. గుంపు వేటకు బయలుదేరి గట్టు ఎక్కుతోంది. గుహ ముందు ముందురోజు తిన్న దుప్పి ఎముక ఒకటి పడి ఉంది. దానిమ్మ దాన్ని నోట కరచుకుంది. చండ్ర పరుగున వచ్చి ఆమె వెనక కాలు కరిచి పట్టుకున్నాడు. దానిమ్మ ఎముక వదిలేసి కుయ్యిమంది. వాడు కాలు వదలలేదు. కెంపి వాడి మెడ పట్టి లాగింది. వాడు తిరగబడి తల్లి ముంగాలు కొరికాడు. ఆ తర్వాతే పక్కకు తొలగాడు.

దానిమ్మ కాలి నుంచి రక్తం కారుతోంది. సరిగ్గా అప్పుడే గుంపు గట్టు మీద ఆగింది. అందరూ ఇంటి ఈల కోసం చూస్తున్నారు.

రెండు పొట్టి ఈలలు వేయాలి. కెంపి నోరు తెరిచింది. పిలిస్తే అందరూ వస్తారు. చూస్తారు. తోటి పిల్లను కరిచినవాడిని గుంపులో ఉంచాలా వద్దా అని మాట్లాడుకుంటారు. ఇన్నాళ్లూ తను పొగిడింది ఈ పళ్లనేనా అంటారు.

కెంపి పొడుగ్గా ఒక్క ఈల వేసింది. ఆ ఈల ఎప్పటిలాగే బాగుంది. గుంపు గట్టు దిగి అవతలికి వెళ్లిపోయింది.

కెంపి దానిమ్మను గుహలోకి తీసుకెళ్లి గాయం నాకింది. "మీ అమ్మ అడిగితే ముల్లు గుచ్చుకుందని చెప్పు తల్లీ."

"ముల్లుకు అన్ని పళ్లుంటాయా పెద్దమ్మా?" అని అడిగింది దానిమ్మ.

కెంపి తల వంచి మళ్లీ గాయం నాకింది.

కాసేపటికి ఎదుటి బండ మీదికి చిరుత వచ్చింది. తొందరపడలేదు. తోక ఆడిస్తూ ఒక్కో అడుగే వేస్తూ దిగింది.

"నేను చూసుకుంటా!" అని చండ్ర దాని మీదికి ఉరికాడు. అంతవరకూ తను కొరికిన ప్రతివాళ్లూ ఏడ్చారు. చిరుత ఏడవలేదు. ఒక్క దెబ్బతో వాడిని పడేసి, వాడి ఛాతీ మీద కాలు పెట్టింది.

చండ్ర కుయ్యిమన్నాడు. పుట్టాక వాడు అలా అరవడం అదే మొదలు.

కెంపి గుహ వాకిట్లో నిలబడి ఉంది. వెనక దానిమ్మ, మిగతా పిల్లలు. ముందు కొడుకు. ఒక్క క్షణం ఆమె కాళ్లు కదలలేదు. వీడు లేకపోతే అందరికీ హాయి అన్న మాట ఆమె మనసులోకి వచ్చింది. అది ఎవరో అన్న మాట కాదని, తనదేనని ఆమెకు తెలుసు.

మరుక్షణం ఆమె రెండు పొట్టి ఈలలు వేసి చిరుత ముఖం మీదికి దూకింది.

గట్టు అవతల గుంపు ఆగింది.

"ఇప్పుడేగా బాగుందని ఈల వేసింది! ఇంతలో ఏమవుతుంది? గాలికి అలా వినబడి ఉంటుంది," అంది ఒక కుర్ర రేచుకుక్క.

అందరూ చెవులు నిక్కించారు. ఇంకో ఈల రాలేదు. గుహ దగ్గర చిరుత గోళ్లు కెంపి పెదవిని చీల్చేశాయి. ఆమె ఊదుతోంది. గాలి తప్ప ఏమీ రావడం లేదు. అయినా ఆమె చిరుతను వదల్లేదు. చండ్ర దాని కాలి కింద నుంచి పాక్కుంటూ బయటపడి బండ సందులో దూరాడు.

అప్పుడు గుహలోంచి రెండు ఈలలు వినిపించాయి. సన్నగా, వణుకుతూ, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. దానిమ్మకు అవే మొదటి ఈలలు.

"అది పిల్ల ఈల. పదండి!" అన్నాడు జేగురు తాత.

గుంపంతా గట్టు మీది నుంచి దూకుతూ వచ్చింది. వాళ్లను చూసి చిరుత బండలెక్కి వెళ్లిపోయింది.

మోదుగ కూతురి దగ్గరికి పరుగెత్తింది. "ఆ చిరుత నోరు పడిపోను! నా బిడ్డ కాలు ఎలా కొరికిందో చూడండి!"

అందరూ అయ్యో అన్నారు. ఎవరికీ వేరే అనుమానం రాలేదు. చండ్ర తల్లి వైపు చూశాడు. దానిమ్మ కూడా పెద్దమ్మ వైపే చూసింది.

కెంపి మాట్లాడకుండా ఉంటే అక్కడితో అయిపోయేది. పైగా ఆ పూట అందరూ ఆమెను మెచ్చుకునేవాళ్లు.

"చిరుత కాదు మోదుగా," అంది కెంపి. చీలిన పెదవితో మాట సరిగా రావడం లేదు. "కరిచింది నా కొడుకు. మీరు గట్టు మీద ఉండగానే కరిచాడు. అది చూసి కూడా బాగుందని ఈల వేసింది నేను."

కుర్ర రేచుకుక్కలు చూపులు దించుకున్నాయి. ఆ గుంపులో అబద్ధపు ఈల ఎవరూ ఎన్నడూ విని ఉండలేదు.

"నిన్ను ఇప్పుడే క్షమించడం నా వల్ల కాదక్కా," అంది మోదుగ.

"నేను అడగను," అంది కెంపి.

జేగురు తాత తీర్పు చెప్పాడు. చండ్రను గుంపు నుంచి వెళ్లగొట్టరు. కానీ దానిమ్మ కాలు బాగయ్యేదాకా వాడు అందరి తర్వాత తినాలి. రేచుకుక్కలు కదలలేనివాళ్లకు మాంసం కడుపులో మోసుకొచ్చి, కక్కి పెడతాయి. చండ్ర వేట పడ్డ చోటికి వెళ్లి, అలా తెచ్చి ముందు దానిమ్మకు పెట్టాలి. కెంపి ఇక కాపలా ఈల వేయకూడదు. ఆ పని మోదుగది.

"నేనెందుకు పెట్టాలి?" అని చండ్ర గుర్రుమన్నాడు.

కెంపి మెడ మీద వెంట్రుకలు మళ్లీ లేచాయి. ఈసారి ఆమె వెనక్కి తగ్గలేదు. అందరి ముందూ కొడుకును మూతితో నేలకు అదిమి పట్టింది. వాడు గింజుకున్నాడు. ఆమె కరవలేదు, వదలలేదు. వాడి ఊపిరి నెమ్మదించేదాకా అలాగే ఉంది.

తర్వాత ఆమె జేగురు తాత దగ్గరికి ఒంటరిగా వెళ్లింది.

"ఇంకొకటి ఉంది తాతా. వాడు చిరుత కాలి కింద ఉన్నప్పుడు నా కాళ్లు ఆగాయి."

"తర్వాత?"

"తర్వాత దూకాను."

"దూకిన సంగతి నీ మూతి చెబుతోంది. ఆగిన సంగతి నువ్వు చెప్పావు. రెండూ నీవే అమ్మాయ్. ఒకటి చూపించి ఇంకొకటి దాచకు, అంతే," అన్నాడు జేగురు.

చండ్ర ఒక్కరోజులో మారలేదు. మొదట్లో మాంసం దూరంగా కక్కి, ముఖం తిప్పుకుని పోయేవాడు. వాడు కనుమరుగయ్యేదాకా దానిమ్మ ముట్టుకునేది కాదు. ఇద్దరి మధ్యా కెంపి కూర్చునేది. వాడు గుర్రుమంటే నేలకు అదిమేది. వదిలాక చెవులు నాకేది. రెండు పనులూ ఆమే చేసేది.

దానిమ్మ కుంటుతూ నడవడం మొదలుపెట్టాక ఒక ఉదయం గుంపు మళ్లీ వేటకు వెళ్లింది. ఈసారి కెంపి కూడా వెళ్లింది. కాపలా ఉన్న మోదుగ నీళ్లు తాగడానికి పక్కనే ఉన్న చెలమకు దిగింది. వేటగాళ్లు గట్టు మీద ఆగారు. ఎదురుగా మేస్తున్న దుప్పి ఒకటి వాళ్లకు కనబడుతూనే ఉంది.

పొట్టిగా రెండు ఈలలు వినిపించాయి. మోటుగా, గట్టిగా ఉన్నాయి. ఆ ఈల ఇంతకుముందు ఎవరూ వినలేదు.

అందరూ దుప్పిని వదిలేసి వెనక్కి ఉరికారు. మోదుగ తడిమూతితో ఎదురైంది. గుహ ముందు చిరుత లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దానిమ్మ ఒక ఎముకను పట్టుకుని నిలబడి ఉంది. దూరంగా చండ్ర పొట్ట నేలకు ఆనించి, దవడలు బిగించి పడుకుని ఉన్నాడు.

"ఏమైంది?" అని అడిగింది మోదుగ.

"ఏమీ కాలేదు పిన్నీ."

"మరి ఎందుకు పిలిచావురా?"

"కరవాలనిపించింది," అన్నాడు చండ్ర.

"దీనికా పిలిచింది! బంగారంలాంటి దుప్పి పోయింది," అని కుర్ర రేచుకుక్క గొణిగింది.

"పిలిస్తే ఎందుకని అడగకూడదు. మనం ఇప్పటికే ఎక్కువ అడిగాం," అన్నాడు జేగురు తాత.

మోదుగ కూతుర్ని ఒకసారి, చండ్రను ఒకసారి చూసింది. వచ్చి వాడి పక్కన కూర్చుంది.

కెంపి తోక పైకి లేచింది. ఆమె గట్టెక్కి అడవంతా వినబడేలా ఈల వేయబోయింది. చీలిన పెదవిలోంచి తుస్సుమని గాలి వచ్చింది. అక్కడున్న ఏ ఒక్కరూ నవ్వలేదు. ఆమె మళ్లీ ఊదింది. కొడుకు బలవంతుడని ముంగిస రోజున వేసిన ఈల కంటే ఈ తుస్సుమనే ఈలే ఆమెకు గొప్పగా అనిపించింది.

కొద్దిరోజుల తర్వాత గుహ మీది చెట్టుకు ఒక ముసలి కొండముచ్చు వచ్చింది.

"కెంపమ్మా, ఆ చిరుత ఈ అడవి వదిలి వెళ్లిపోయింది. పోయే ముందు కారణం అడిగాను. దానికి అందని కొమ్మ మీద కూర్చునే అడిగాను లే."

"ఏమంది మామా?"

"ఆ రోజు దానికి పిల్ల రక్తం వాసన తగిలిందట. మీ గుంపు గట్టు మీదే ఉందని భయపడి వెనక్కి తిరిగిందట. ఇంతలో నీ పొడుగు ఈల విన్నదట. రక్తం వాసన వస్తోంది, ఈల మాత్రం బాగుందంటోంది, అంటే ఆ ఇంట్లో ఎవరో ఏదో దాస్తున్నారు, దాచేవాళ్లు సాయానికి పిలవరు అనుకుని ధైర్యంగా దిగిందట."

కెంపి తల దించుకుంది. "మరి ఇప్పుడెందుకు వెళ్లిపోయింది?"

"మొన్న కూడా బండ వెనకే పొంచి ఉందటమ్మా. తప్పు చేయబోయినవాడే ఈల వేసి అందరినీ పిలుచుకున్నాడు, ఇక ఈ కొండ మీద నాకు తిండి దొరకదు అని చెప్పి వాగు దాటి వెళ్లిపోయింది."

నీతి: బిడ్డ తప్పును దాచిపెట్టే ప్రేమ, ఆ బిడ్డను కాపాడగలిగినవాళ్లనే దూరంగా పంపేస్తుంది.