నక్కపిల్లకు మేనమామ

ఏటిగట్టు అవతలి అడవిలో జంబులయ్య అనే నక్కకు నువ్వుల గానుగ ఉండేది. దాన్ని తిప్పేది పుల్లన్న అనే ఎద్దు. నువ్వులు చెరిగేది పోలి అనే మేక. మోతపనికి ఉడతలు, ఎలుకలు ఉండేవి. మొత్తం పదిమంది.

ఆ అడవిని ఏలే ఏనుగు ఒక కట్టుబాటు పెట్టింది. పదిమంది పనివాళ్ళున్న ప్రతి యజమానీ మందుల గాదెకు వంతు చెల్లించాలి. అలా చెల్లిస్తే ఆ పనివాళ్ళలో ఎవరికి జబ్బు చేసినా తాబేలు వైద్యుడు గాదె తెరిచి మందిస్తాడు. పదికి ఒక్కరు తగ్గినా యజమానికి ఆ బెడద లేదు.

తలలు లెక్కపెట్టడానికి కొంగ వస్తోందని తెలిసిన పొద్దున, జంబులయ్య ఎద్దు మెడ నిమిరాడు.

"బావా! నిన్ను పనివాడంటే నా నోరు పడిపోదూ? నువ్వు మా పిల్లకు మేనమామవయ్యా. కొంగ అడిగితే ఆ మాటే చెప్పు."

పుట్టి బుద్ధెరిగాక పుల్లన్నకు యజమాని నోట వినబడింది "హై, హై" అనే అదిలింపే. పిచ్చి ఎద్దు! కళ్ళు చెమర్చాయి.

పోలి చాట పక్కన పెట్టింది. "అన్నా, నక్క వరస కలిపిందంటే ఊరికే కాదు. కాస్త ఆలోచించు."

"నీకు కుళ్ళు," అన్నాడు పుల్లన్న.

కొంగ వచ్చి ఒంటికాలి మీద నిలబడి అడిగింది. "నువ్విక్కడ పనివాడివేనా?"

"కాదండీ. నక్కగారి పిల్లకు మేనమామని!"

కొంగకు నవ్వొచ్చింది. కానీ ఎవరి గురించి వాళ్ళు చెప్పిన మాటే లెక్క. గానుగలో తొమ్మిదిమందే అని తేల్చి ఎగిరిపోయింది.

వానలు పట్టాక పోలికి జ్వరం తగిలింది. రెండు ముద్దలు కూడా లోపలికి పోలేదు. పుల్లన్న ఆమెను వీపున వేసుకుని తాబేలు ఇంటికి బయల్దేరాడు. దారిలో పోలి అడిగింది.

"ఆ మాట ఎందుకన్నావన్నా?"

"నన్నెప్పుడూ ఎవరూ వరస పెట్టి పిలవలేదే, పోలీ."

పోలి అతని మూపు మీద తల వాల్చింది. తర్వాత మెల్లగా అంది. "నేను రోజూ అన్నా అనే పిలిచాగా."

పుల్లన్న ఏడుస్తూనే నడిచాడు.

"మీ గానుగ వంతు చేరలేదు నాయనా. రాజుగారి తాళం, నేను తియ్యలేను," అన్నాడు తాబేలు. పెరట్లో ఉన్న తులసాకే నూరి పోశాడు. అది చాలలేదు. పోలి ఆ గుమ్మంలోనే కన్నుమూసింది.

చలికాలంలో నక్క కూతురి పెళ్ళి పెట్టుకున్నారు. పందిరి నిండా చుట్టాలు. కొంగ కూడా విందుకొచ్చింది.

"పెళ్ళికూతుర్ని గంపలో తేవాలి. మేనమామ ఏడీ?" అని పురోహితుడు గుడ్లగూబ కేకేశాడు.

పుల్లన్న వచ్చి గంప ముందు నిలబడ్డాడు. "నేనేనండీ. బావగారే చెప్పారు."

మగపెళ్ళివారు ముఖముఖాలు చూసుకున్నారు. వరుడి తండ్రి కండువా దులిపి లేచాడు. "నీ బావమరిది ఎద్దా? ఈ వియ్యం మాకొద్దు!"

జంబులయ్య అతని కండువా పట్టుకున్నాడు. "అయ్యయ్యో, కూర్చోండి బావగారూ! వీడు చుట్టమేమిటి? మా గానుగలో పనివాడు!"

"అందరికీ వినబడేట్టు చెప్పు," అన్నాడు పుల్లన్న.

"పనివాడివే! మొదట్నుంచీ పనివాడివే!"

పంక్తిలో ఉన్న కొంగ మెడ ఎత్తింది. "అయితే నేను లెక్కపెట్టిన నాడు మీ గానుగలో పదిమందన్నమాట."

 పెళ్ళి అయితే అయింది గానీ, జంబులయ్యకు జరిమానాతో సహా వంతు కట్టక తప్పలేదు. గాదె తలుపు ఆ గానుగవాళ్ళకూ తెరుచుకుంది.

ఉడతలు గంతులేశాయి. పుల్లన్నకు మాత్రం సంతోషం లేదు. గానుగ చుట్టూ తిరుగుతూ పోలి చాట ఆనించి ఉన్న గోడ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆగిపోయేవాడు. అన్నా అని పిలిచేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

నీతి: పనివాణ్ని చుట్టమని పిలిచే యజమాని ఏ బాధ్యత దులుపుకుంటున్నాడో ముందు చూసుకోవాలి.