తొక్క ఉన్న తిండి

మీరావలికి గురువు దొరికాడు గానీ, గురువుగారి ఊళ్ళో తిండి దొరకలేదు.

దొరకలేదంటే తిండి లేక కాదు. మలయా తీరంలోని ఆ రేవు పట్నంలో పొద్దున లేస్తే ఎటు చూసినా తిండే. కొబ్బరిపాలతో వండిన అన్నం, ఆకుల్లో చుట్టి నిప్పుల మీద కాల్చిన చేపలు, బెల్లం పాకంలో ఉడికిన చిలగడదుంపలు. అన్నీ చవకే. ఆ చవకే అతన్ని భయపెట్టింది.

బందరులో ఓడ ఎక్కిన నాటి నుంచీ అతను ఒంటరి. చేతిలో డబ్బు కూడా అంతంత మాత్రం. దారిలో ఓడ ఆగిన ఒక దీవిలో ఎవడో నవ్వుతూ పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని కడుపునిండా పెట్టాడు. లేవబోయేసరికి దారికి అడ్డంగా నిలబడి, నోటికొచ్చినంత అడిగి గుంజుకున్నాడు. పైగా ఆ తిండి పడక మీరావలి ఓడ అంచు పట్టుకుని వాంతులు చేసుకున్నాడు. అప్పటి నుంచీ ఎవరైనా నవ్వుతూ గిన్నె మూత తీస్తే చాలు, అతని కాళ్ళు వెనక్కి పడేవి.

గురువు పేరు నిజార్ బాబా. మసీదు పక్కన చిన్న పాకలో ఉండే సూఫీ. వయసులో ఉన్నప్పుడు బందరులో కొన్నేళ్ళు ఉండి వచ్చినవాడు కాబట్టి తెలుగు బాగా మాట్లాడేవాడు. ఆయన దగ్గర జపం నేర్చుకోవాలనే మీరావలి సముద్రం దాటి వచ్చాడు.

"ముందు బజారుకెళ్ళి బాగా తిని రా నాయనా. ఆ తర్వాత కూర్చుందాం" అన్నాడు బాబా, వచ్చిన రోజే.

మీరావలి బజారుకెళ్ళాడు. రేవులో నాలుగు దేశాల మాటలూ కలిపి మాట్లాడతారు. ఓడ మీదే అతనికి ఆ భాష కొంత పట్టుబడింది. దాంతో అడగడం మొదలుపెట్టాడు. ఈ అన్నం ఎప్పుడు వండింది? ఇంత చవకగా ఎలా ఇస్తున్నావు? ఈ నూనె ఎక్కడిది? నువ్వెందుకు నవ్వుతున్నావు?

సలామా అనే ఆవిడ అన్నం అమ్మేది. అతను కొన్న అన్నం ఆకులో ఇంకో చేపముక్క వేసింది.

"అడక్కుండా ఎందుకు వేశావు?" అన్నాడు మీరావలి.

"బక్కచిక్కి ఉన్నావని."

అతను కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. డబ్బులు అక్కడ పెట్టి, ఆకు కూడా అక్కడే వదిలేసి వచ్చేశాడు.

చివరికి ఒక దారి కనిపెట్టాడు. అరటిపళ్ళు, ఉడకబెట్టిన కోడిగుడ్లు. తొక్క ఉన్నదాంట్లో, పెంకు ఉన్నదాంట్లో ఎవరూ ఏమీ కలపలేరు. గుడ్డుని కూడా వెలుతురుకెదురుగా తిప్పి, ఎక్కడైనా పగులుందేమో చూసుకుని గానీ ఒలిచేవాడు కాదు.

అలా రోజులు గడిచాయి. బుగ్గలు లోపలికి పోయాయి. ఒక మధ్యాహ్నం నమాజులో వంగినవాడు వంగినట్టే పక్కకి ఒరిగిపోయాడు.

బాబా మొహాన నీళ్ళు చల్లి లేపాడు. "ఏం తింటున్నావు?" అని అడిగాడు.

మీరావలి చెప్పాడు. చెబుతూ చెబుతూ కాస్త గర్వపడ్డాడు కూడా. "వీళ్ళ ఎత్తులు నా దగ్గర సాగవు బాబా. ఒక్కడు కూడా నన్ను మోసం చెయ్యలేకపోయాడు."

బాబా తల పంకించాడు. "వంట వచ్చా?"

"నెత్తళ్ళ పులుసు పెట్టగలను. మా అమ్మ నేర్పింది."

"అయితే రేపు బజారులో కూర్చుని అమ్ము. అందరికంటే తక్కువకి ఇవ్వు. కుండ ఖాళీ అయితే సాయంత్రం జపం మొదలుపెడదాం. లేదంటే బందరు ఓడ ఇంకా రేవులోనే ఉంది."

మర్నాడు పొద్దున మీరావలి అరువు తెచ్చిన కుండలో పులుసు పెట్టాడు. మంచి నెత్తళ్ళు ఏరుకున్నాడు, చింతపండు పిసికాడు, పక్కన అన్నం వార్చాడు. బజారు చివర చాప పరుచుకుని కూర్చున్నాడు. వాసన బాగానే ఉంది. జనం ఆగారు.

"ఎంత?" అన్నాడొక హమాలీ. మీరావలి చెప్పాడు.

"అంత తక్కువా?" హమాలీ కళ్ళు చిట్లించి కుండలోకి చూశాడు. "చేపలు ఎప్పటివి?"

"ఇవాళ పొద్దున పట్టినవే."

"అందరూ అలాగే అంటారు" అంటూ వెళ్ళిపోయాడు.

ఒకావిడ మూత ఎత్తి వాసన చూసింది. చింతపండు అంత ఎందుకు పోశావు, చేప కంపు కప్పెట్టడానికా అని అడిగింది. ఇంకొకతను గరిటెతో పులుసంతా కెలికి, ఏమీ అనకుండా గరిటె తిరిగి ఇచ్చాడు. మీరావలి అందరికీ నవ్వుతూ జవాబు చెప్పాడు. ఎంత నవ్వితే అంత దూరం జరిగారు.

ఎండ నడినెత్తికొచ్చింది. కళ్ళు తిరుగుతున్నాయి. పులుసు అమ్మాల్సింది కదా అని దాని జోలికి పోకుండా, అలవాటుగా మూటలోంచి గుడ్డు తీసి ఒలవసాగాడు.

ఎదురుగా తాళ్ళు అమ్మేవాడు అది చూశాడు. "చూశారా, వండినవాడే తినడం లేదు" అన్నాడు పక్కవాళ్ళతో.

మీరావలి చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది. ఒట్టు పెట్టి చెప్పాలనిపించింది. కానీ ఒట్టుని నమ్మేవాళ్ళెవరు? తానైతే నమ్మేవాడా?

గుడ్డు పక్కన పెట్టి, ఆకు పరిచి, అందరూ చూస్తుండగా అన్నం పెట్టుకుని పులుసు పోసుకున్నాడు. నిదానంగా తినడం మొదలుపెట్టాడు.

ఎవరో వచ్చి ఎదురుగా కూర్చున్నారు. తలెత్తితే సలామా. తన ఆకు తనే తెచ్చుకుంది.

"పెట్టు" అంది.

పెట్టాడు. ఆమె ఏ ప్రశ్నా వెయ్యలేదు. చేపని ముల్లు తీసి తిన్నది, అన్నం కలుపుకుని ఇంకో నాలుగు ముద్దలు తిన్నది. "ఉప్పు చాల్లేదు" అంటూ లేచి తన కొట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు కుడిచెయ్యి పిడికిలి మూసి ఉంది.

ఆ పిడికిలి కుండ మీదికి వచ్చింది.

అందులో ఏముంది? పొద్దుటి నుంచీ ఆవిడకంటే తక్కువకి అమ్మజూస్తున్నందుకు కోపం లేదా? చేపముక్క వేస్తే వదిలేసి వెళ్ళిపోయిన సంగతి గుర్తులేదా? మీరావలి చెయ్యి దానంతటదే మూత మీదికి పోయింది.

సలామా ఆగింది. పిడికిలి విప్పి చూపించనూ లేదు, వెనక్కి తీసుకోనూ లేదు. అతని వైపు చూస్తూ నిలబడింది.

తాళ్ళవాడు చూస్తున్నాడు. దూరం నుంచి హమాలీ చూస్తున్నాడు. మీరావలి మూత మీంచి చెయ్యి తీసేశాడు.

ఆమె ఉప్పు వేసి, గరిటెతో రెండుసార్లు తిప్పింది. "ఇప్పుడు చూడు" అంది.

అతను అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాలిక్కి తగిలించాడు.

"అవును. ఇందాక చాల్లేదు" అన్నాడు.

హమాలీ వచ్చి కూర్చున్నాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు. పొద్దు వాలేసరికి కుండ అడుగు కనిపించింది.

పాకకి వెళ్ళేసరికి బాబా ముందు ఆకులో కట్టిన అన్నం పొట్లం ఉంది. ఎవరు తెచ్చారో, ఎక్కడిదో ఆయన చెప్పలేదు. మీరావలి కుండ కింద దించి కూర్చున్నాడు.

"అందరూ అనుమానంగా చూశారు బాబా. ముందుగా వచ్చి కూర్చున్నది అన్నం అమ్మే ఆవిడొక్కతే. ఆవిడ నా చేతి తిండి ఎందుకు తిన్నదంటారు?"

బాబా పొట్లం అతని వైపు జరిపాడు.

"ఆకలేసి ఉంటుంది" అన్నాడు.

మీరావలి పొట్లం విప్పాడు.