పటం వెనకాల వెలుతురు

ప్రహ్లాదుకు వచ్చిన కష్టం చిన్నదేం కాదు. రోహిణికార్తె వచ్చేలోగా ఆశ్రమంలోని పెద్ద హాలు చల్లబడాలి. లేకపోతే ఓబులమ్మవ్వ అక్కణ్ణించి వెళ్లిపోవాలి.

అవ్వ ఆ ఆశ్రమంలో అందరికీ వండిపెట్టి వండిపెట్టి ముసలిదైంది. నిరుడు పక్షవాతం వచ్చి ఆ హాల్లోనే మంచం పట్టింది. "ఈ ఉడుకులో ఉంచితే ఈమె ఎండాకాలం దాటదు. టౌనులో ఏదైనా హోములో చేర్పించండి" అని డాక్టరు ఖరాఖండిగా చెప్పిపోయాడు.

"సస్తే ఈన్నే సస్తా. నన్ను యాడికీ పంపొద్దు నాయనా" అని అవ్వ ప్రహ్లాదు చెయ్యి పట్టుకుని ఏడ్చింది. మొదటిసారి ఆశ్రమానికి వచ్చి, ఎవరినీ అడగలేక గడపలో నిలబడ్డ రోజున అతన్ని పిలిచి సంగటి పెట్టింది ఆమే.

ఆశ్రమం ఆదోని దగ్గర. ఒకప్పుడది పత్తి గోదాము. మిల్లు మూతపడ్డాక దాని యజమాని ఆ గోదామును ఇక్కడి గురువు హుసేనప్ప తాతకు రాసిచ్చేశాడు. తాత చెప్పేది అచలమార్గమనే వేదాంతం. గురువుగారూ అంటే పలకడు, తాతా అంటే పలుకుతాడు. అందుకని శిష్యులంతా తాతా అనే పిలుస్తారు.

ఆ శిష్యుల్లో ఒకడైన ప్రహ్లాదు బెంగుళూరులో ఇంటీరియర్ డిజైనరు. ఉత్త డిజైనరు అనుకునేరు! కరెంటు తక్కువ తాగే ఇళ్లు, పర్యావరణానికి చేటు చెయ్యని ఇళ్లు తయారుచెయ్యడం అతని విద్య. బహుమతులు కూడా వచ్చాయి. ఆ సంగతి ఎవరూ అడగకపోయినా చెబుతాడు.

ఒక సాయంత్రం అరుగుమీద లాప్‌టాప్ తెరిచి హాలును చల్లబరిచే తన ప్లాను తాతకు చూపించాడు. పైన వేడి ఆపే ఫాల్స్ సీలింగు. గోడలకు వెదురు పలకలు. మనిషి లేకపోతే వాటంతటవే ఆరిపోయే లైట్లు. మిద్దెమీద సోలారు, దానితో నడిచే ఏసీలు.

"బాగుండాదప్పా" అన్నాడు తాత. "మరి కింద పరిచిన నాపబండలు?"

"తీసేయాల తాతా. పాత గాజు కరిగించి చేసిన టైల్సు వేస్తాం. పర్యావరణానికి చాలా మంచివి."

"తీసిన బండలు?"

"పారేస్తాం."

"టేకు తలుపులు?"

"అవీ అంతే. సందుల్లోంచి చల్లదనం పోతుంది కదా."

తాత గడ్డం గోక్కున్నాడు. "పనయ్యేదాకా అవ్వ యాడుంటాది?"

ప్రహ్లాదు ఒక్క క్షణం తడబడ్డాడు. "దుమ్ము కదా తాతా. ఒక్క రెండు నెలలు టౌనులో హోములో..."

అనేశాక తన మాట తనకే వినబడింది. ముఖం కందిపోయింది. పోనీ తాత ఏమన్నా అంటాడేమో, నాలుగు తిట్లన్నా తిడతాడేమో అని చూశాడు. తాత లేచి పంచె దులుపుకుని, "రా, అవ్వను పలకరిద్దాం" అన్నాడు.

బయట పొద్దు వాలుతోంది. గాలి కాస్త చల్లబడింది. లోపల మాత్రం కుమ్మరి ఆవంలాగే ఉంది. పగటి వేడంతా ఎక్కడికీ పోయే దారిలేక అక్కడే కూచుంది. తూరుపు కిటికీ పక్కన అవ్వ నోరు తెరిచి, కళ్లు మూసుకుని ఎగశ్వాస తీస్తోంది.

తాత మంచంమీద ఒక పక్కగా కూచుని తడిగుడ్డతో ఆమె మెడ తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ తలెత్తి ఎదురుగోడ చూశాడు. పడమటి గోడమీద, పైకప్పుకు కాస్త కిందుగా, గురుపరంపర పటాలు పెద్దపెద్దవి వరసగా ఉన్నాయి. లోపలికి వచ్చినవాళ్లెవరైనా వాటికి దణ్ణం పెట్టుకునే వస్తారు. నెలరోజులు కొలతలు తీసిన ప్రహ్లాదు కూడా రోజూ పెట్టుకునేవాడు.

"ప్రహ్లాదా, ఈన్నించి చూడు. ఆ పటాల ఎనకనించి ఎలుతురు వస్తాండాదే?"

ప్రహ్లాదు వంగి చూశాడు. నిజమే. ఒక్కొక్క ఫ్రేము అంచు చుట్టూ సన్నగా ఎర్రటెండ.

"పత్తి పెట్టిన కొంప గదప్పా ఇది" అన్నాడు తాత మెల్లగా. "గాలాడకపోతే పత్తి ముక్కిపోతాది. కట్టినోడు ఏదో దారి పెట్టకుండా ఉంటాడా?"

తాత నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. ఆ వయసులో తనే ఎక్కి, మొదటి పటం కొక్కెం తప్పించాడు. అది తాతకు గురువైనాయన పటం.

"అయ్యయ్యో తాతా! గురువుగారి పటం దింపుతారా! రేపొద్దున అందరూ ఏమనుకుంటారు?"

"పట్టుకో ముందు. బరువుండాది."

పటం కిందికి వచ్చింది. దాని వెనకాల ఇనుపకడ్డీల వెంటిలేటరు, కడ్డీలకు అంటుకుని ఏనాటిదో నల్లబడిన పత్తిపీచు. తాత చేత్తో లాగేశాడు. కాసేపటికి తూరుపు కిటికీ తెర మెల్లగా లోపలికి ఉబ్బింది. అవ్వ నుదుటిమీద వెంట్రుకలు కదిలాయి.

"అబ్బ! యాన్నించి నాయనా ఈ గాలి?" అంది అవ్వ కళ్లు తెరవకుండానే.

ప్రహ్లాదు పటాన్ని గోడకు ఆనించి, చొక్కా చేతులతో కళ్లు తుడుచుకున్నాడు. తాత నిచ్చెన దిగి, దాన్ని పక్క పటం కిందికి జరిపాడు.

ఆ పక్క పటం తాతదే. అన్నిటికన్నా పెద్దది. పోయిన గురుపౌర్ణమికి ప్రహ్లాదే దగ్గరుండి చేయించి, ఊరేగింపుగా తెచ్చి, తన చేతులతో అక్కడ తగిలించాడు. "గోడకు ఆ బొక్క అసహ్యంగా ఉంది, మూసుకుపోతుందిలే" అనుకున్నాడు కూడా.

"ఎక్కు. నేను పట్టుకుంటా" అన్నాడు తాత.

ప్రహ్లాదు కదల్లేదు. "ఇది... మీది తాతా."

తాత ఆ పటాన్ని చూశాడు, మంచంమీది అవ్వను చూశాడు.

"ఆయమ్మకు గాలి రాకుండా ఇన్నాళ్లూ నేను అడ్డం నిలబడినానా? దింపప్పా, దింపు నన్ను."