ఎర్రంచు వాటా కాగితం

"మీటింగుకి వేళైందర్రా! వాటాదార్లంతా రండి!"

వీధి చివర్నుంచి ఆ కేక వినబడగానే అచ్యుతం టక్కున ఆగాడు. అప్పుడే గురువుగారు వీరభద్రయ్యగారిని ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆయన ముఖం చూస్తున్నాడు. ఆయన్ని ఏదైనా అడిగితే నోటితో చెప్పరు, ఎవరింటికో తీసుకుపోతారు. ఇప్పుడూ కేక వచ్చిన ఇంటివైపే నడిచారు.

అచ్యుతం పిచ్చి సంగతి చెప్పాలి. పూర్వం ఆ ఊళ్ళో రాజహంస టపా స్టోర్సని ఒక కంపెనీ ఉండేది. కార్డు ముక్క రాసి పడేస్తే చాలు, హార్మోనియం దగ్గర్నుంచి తలనూనె దాకా, సరుకందాక డబ్బు కట్టే వీపీపీ టపాలో గుమ్మం ముందుకొచ్చేవి. అది మూతపడి ఏనాడో! దాని వాటా కాగితాల్ని ఊరూరా తిరిగి కొనడం ఇతని సరదా. ఏం కాగితాలండీ అవి! నడుమ మూట నెత్తినెత్తుకున్న పోస్టు జవాను, చుట్టూ లతలు. ఇక ఒక్కటే మిగిలింది, మొదటి అచ్చు, ఎర్రంచుది. అది ఈ వీధిలో ఉందని విని డబ్బు పట్టుకొచ్చాడు. గురువుగారిని అడిగిందీ దాని గురించే: "ఇన్ని కొన్నాను, ఒక్కటీ నాదనిపించదేం గురువుగారూ? ఎర్రంచుది వస్తే అనిపిస్తుందా?"

కేక వేసింది రత్నమాంబగారు, పండు ముసలావిడ. చాపల మీద వీధివాళ్ళు. గోడ మీద పటం కట్టి, అదిగో, ఎర్రంచుది!

"కంపెనీయే లేదు కదమ్మా, మీటింగేమిటి?" అన్నాడు అచ్యుతం.

"కంపెనీ మూశారు గానీ మీటింగు మానమని ఎవరూ చెప్పలేదే! ఏటా మీటింగు, ఆపైన భోజనం. మా ఆయన పోయాక నేను జరిపిస్తున్నా. నీ సంచిలో ఏమిటి నాయనా? ఓరి, మన కాగితాలే! ఎవరెవరి పేరునున్నాయో చదువు."

ఇన్నేళ్ళూ అతను బొమ్మలే చూశాడు గానీ పేర్లు చదివిన పాపాన పోలేదు. తడబడుతూ మొదలెట్టాడు. "తాడి సూర్యకాంతం."

"మా అత్తగారు!" ఒకావిడ లేచి నిలబడింది.

"బళ్ళ అప్పలస్వామి."

"మా తాతండీ! టపాలో తెప్పించిన గడియారానికి కీ ఇవ్వడం చేతకాక, నడవడం లేదని తిరుగుటపాలో పంపేశాడు మహానుభావుడు!"

ఇల్లంతా గొల్లుమంది. అచ్యుతమూ నవ్వాడు. నవ్వుతూనే డబ్బు తీసి, పటం ఇమ్మని అడిగాడు.

రత్నమాంబగారు కోప్పడలేదు. "నా ఒక్కదానిదా ఏమిటి? మీటింగులో పెడదాం. ఎర్రంచు కాగితం ఊరు దాటకూడదనేవాళ్ళు చెయ్యెత్తండి."

చేతులు లేచాయి. ఆవిడ చూసుకుంటూ వచ్చి అచ్యుతం దగ్గర ఆగింది. డబ్బున్న చెయ్యి ఒళ్ళోనే ఉంది. రెండోది పైకి లేచి ఉంది. ఎప్పుడు లేచిందో అతనికే తెలీదు.

"అయిపోయింది తీర్మానం. ఆకులు వెయ్యండర్రా!"

అంతా బారుగా కూర్చున్నారు. పప్పు వడ్డించారు.

"గురువుగారూ, నా ప్రశ్న..." అన్నాడు అచ్యుతం గొంతు తగ్గించి.

"కొనడానికొచ్చినవాడు ఆ చెయ్యెత్తడోయ్, వాటాదారే ఎత్తుతాడు," అన్నారాయన ముద్ద కలుపుతూ. "నెయ్యి వేయించుకో."