గోరింక మాట ఎవరూ ఎందుకు వినరు?

ఒకప్పుడు గోరింక ఒక్కో మాటా విడమరిచి, నిదానంగా మాట్లాడేది. అందుకే ఏరు దాన్ని పిలిచి దండోరా పని అప్పగించింది. పొంగేముందు ఏరు కబురు చెబుతుంది. గోరింక ఒడ్డున గడపగడపకూ వెళ్ళి, నిలబడి, మూడుసార్లు ఆ కబురు చెప్పాలి.

పని దొరికిందో లేదో, గోరింకగాడికి కళ్ళు నెత్తికెక్కాయి. నిలబడడం మానేసి ఎగురుతూనే ఒక్కసారి చెప్పి పోయేవాడు. "ఇంకోసారి చెప్పు నాయనా" అని కుందేలు అడిగితే, "చెవులు పొడుగుంటే చాలదు, బుర్ర ఉండాలి! గుక్క తిప్పుకోకుండా వంద మాటలు చెబుతాను నేను" అని కోతలు కోసేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి!

తొలకరి రోజున ఏరు పిలిచింది. "పొద్దు గుంకేలోగా పొంగుతాను. గట్టు బొరియల్లోవాళ్ళకి ముందు చెప్పు. నీ పిల్లలూ అక్కడే ఉన్నాయి."

ఆ బొరియల్లో ఒకదాంట్లోనే వాడి పెళ్ళాం, మూడు కూనలు. కూనలకి రెక్కలు ఇంకా నిలవలేదు. ఒక పూట వ్యవధి ఉంటే తల్లి వాటిని గెంతించుకుంటూ గట్టు మీదికి చేర్చగలదు.

సరిగ్గా అప్పుడే పుట్టలోంచి ఉసిళ్ళు లేచాయి. గోరింకగాడికి నోరూరింది. ఒడ్డంతా ఒక్క చుట్టు చుట్టేశాడు.

"ఏరొస్తందిపొద్దుగుంకేలోగాగట్టెక్కండి!"

సొంత గూటి ముందూ అదే వాగుడు. "ఏంటయ్యా?" అని పెళ్ళాం తల బయటపెట్టేసరికి వాడి తోక మాత్రమే కనబడింది. వాగుడు అలవాటే కదా అని ఆమె మళ్ళీ లోపలికి వెళ్ళింది.

చీమలు గుడ్లు మోసుకుని గట్టెక్కడం తాబేలు చూసింది. కుందేలునీ లేపింది. పోతూ పోతూ బొరియ దగ్గర ఆగింది.

"అమ్మాయీ, పిల్లల్ని తీసుకుని పైకి రా. ఏరు పొంగేట్టుంది."

"భలేవాడివి తాతా! ఏటి కబురు మోసేది మా ఆయనే. ఏదన్నా ఉంటే ముందు నాకు చెప్పడూ?"

కడుపు పగిలేలా మెక్కి గోరింకగాడు తిరిగొచ్చేసరికి బొరియ లేదు, గూడు లేదు, అంతా నీళ్ళే. తడిసిన రెక్కలతో పెళ్ళాం ఒక్కతే తుమ్మకొమ్మ మీద కూర్చుని ఉంది.

"పిల్లలేవి?" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది ఆమె.

"చెప్పానుగాచెప్పానుగాపొద్దున్నేచెప్పానుగా!"

ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నిదానంగా చెప్పాలని ఎంత పెనుగులాడినా నాలుక వాడి మాట వినలేదు. ఆమె మొహం తిప్పుకుని ఎగిరిపోయింది. జాలి పడితే ఆ కూనల మీద పడండి పిల్లలూ, ఆ వాగుడుకాయ మీద కాదు.

అప్పటినుంచే గోరింకలు సాయంత్రమైతే చెట్టెక్కి, అన్నీ ఒక్కసారే గడగడా వాగుతాయి. ఎంత గొంతు చించుకున్నా, పక్క కొమ్మ మీది గోరింక కూడా తల తిప్పి చూడదు.