ముగ్గు గోడ

"మాస్టారూ, ఇంకేం మర్చిపోయానో ఒక్కటి చెప్పండి" అని అడిగాడు పున్నారావు. ఆ వేసవిలో ఆ మాట అడగడం వాడికది నాలుగోసారి. నాలుగుసార్లూ పక్కన నేనున్నాను కాబట్టి ఆ లెక్క నాకు బాగా తెలుసు.

ఏసుపాదం మాస్టారు గుంటూరు ఐటిఐలో ఫ్రిజ్జులూ ఏసీలూ బాగుచేసే పని ముప్పయ్యేళ్లు నేర్పి రిటైరయ్యారు. పున్నారావూ నేనూ ఆయన దగ్గర ఒకే బ్యాచి. అడిగినదానికి నోటితో జవాబు చెప్పిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు. ఈ కంప్రెసరు ఎందుకు కాలిపోయింది సార్ అంటే, కాలిపోయినదాన్నే మా చేతిలో పెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయేవారు. ఆయన తిరిగొచ్చేలోగా కారణం మాకే తెలియాలి. తెలియకపోతే ఇంకో టీకి వెళ్లేవారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో మాకు ఒళ్లు మండేది.

పున్నారావు మిర్చి కోల్డ్ స్టోరేజీలో మెకానిక్కు. లక్ష టిక్కీల సరుకుని, అంటే లక్ష గోతాల ఎండుమిరపకాయల్ని, వేసవంతా రంగు పోకుండా కాపాడటం వాడి ఉద్యోగం. అలాంటివాడు సొంతంగా ఇల్లు కట్టుకుంటుంటే వేడి గురించి వాడికి ఒకరు చెప్పాలా? కానీ వాడి భయం వాడిది. వాడి కూతురు మోక్షితకి తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే ఆ పిల్ల ఒంటికి చెమట పట్టదు. చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోయే దారి లేదు. నిరుడు వేసవిలో బడి ఆవరణలో ఒక్క పావుగంట ఎండలో నిలబడినందుకు జ్వరం నూట ఐదు దాటి ఫిట్సు వచ్చాయి. రెండు రోజులు ఆస్పత్రిలో మంచుగడ్డల మధ్య పడుకోబెట్టారు. ఆ రెండు రోజులూ పున్నారావు తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు, అన్నం కూడా ముట్టలేదు. పిల్ల కళ్లు తెరిచాక నాతో అన్నది ఒకటే మాట. "షరీఫూ, మిరపకాయల్ని కాపాడేవాణ్ణి, దీన్ని కాపాడుకోలేనా?"

బడి మాన్పించేశాడు. ఊరి చివర మూడు సెంట్ల స్థలం కొన్నాడు. ఇంజనీరు లేడు, కాంట్రాక్టరు లేడు, ప్లాను తనే గీసుకున్నాడు. ఆదివారాలు తోడుండటానికి నేనున్నాను.

ఆ ప్లాను చూస్తే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. రెండు వరసల ఇటుక గోడ, మధ్యలో మూడంగుళాల థర్మోకోలు. స్లాబు మీద మళ్లీ థర్మోకోలు, దానిమీద తెల్ల పలకలు. పడమటి ఎండ తగలకూడదని ఆ వైపు గోడకి కిటికీ కూడా పెట్టలేదు. గదిగదికీ వేడిని కనిపెట్టే సెన్సరు ఉంది. ఒక డిగ్రీ పెరిగితే ఏసీ దానంతటదే వేసుకుంటుంది. కరెంటు పోతే బ్యాటరీ అందుకుంటుంది. పిల్ల గది దాటితే పున్నారావు ఎక్కడున్నా ఫోనుకి కబురొస్తుంది. వీధి తలుపుకి వేలిముద్ర తాళం. బయట ముప్పైనాలుగు డిగ్రీలు దాటిందంటే పిల్ల వేలికి ఆ తలుపు తెరుచుకోదు, అమ్మా నాన్నల వేళ్లకే తెరుచుకుంటుంది.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చూశారు. గోడల లెక్క బాగుందన్నారు. స్లాబు గోడమీద కూర్చునే చోట సందులోంచి వేడి దిగుతుందని పెన్సిలుతో చిన్న గీత పెట్టారు. ఆ తర్వాత తలెత్తి, "ఇందులో టిక్కీలు ఎన్ని పడతాయోయ్?" అన్నారు.

పున్నారావు నవ్వేశాడు. పెద్దాయనకి చాదస్తం మొదలైందనుకున్నాడు పాపం. గోడౌను కాదు మాస్టారూ, ఇది ఇల్లు అన్నాడు. ఆయన ప్లాను మడిచి ఇచ్చేసి, ఆదివారం పొద్దున్నే స్థలంలో ముగ్గు పోసి ఉంచమన్నారు. పిల్లనీ, పిల్ల తల్లి కోటేశ్వరినీ కూడా తీసుకురమ్మన్నారు.

పునాది తవ్వేముందు కాగితం మీది ప్లానుని నేలమీద సున్నప్పొడితో, ఉన్న కొలతకి ఉన్నట్టుగా గీస్తాం. దాన్నే ముగ్గు పోయడమంటాం. పున్నారావు ఒక కొస, నేనొక కొస దారం పట్టుకుని, తెల్లవారుజామునే ఆ పని ముగించాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు, ఎనిమిదయ్యేసరికే నేల కాలుతోంది. మోక్షిత నెత్తిమీద తడి తువ్వాలుతో వచ్చింది. చేతిలో మంగలి షాపుల్లో ఉండే నీళ్ల సీసాలాంటిది ఉంది, నిమిషానికోసారి మొహంమీద చిమ్ముకుంటోంది. పడమటి ముగ్గుకి అవతల పదడుగుల దూరంలో ఒక కానుగ చెట్టు, దాని నీడలో చేతిపంపు. మావైపు దాన్ని బోరింగు అంటారు. ఆ వీధి ఆడపిల్లలు నలుగురు అక్కడ బిందెలు పెట్టుకుని, పట్టిన నీళ్లకంటే ఒలకబోసింది ఎక్కువగా, కిచకిచలాడుతున్నారు.

మాస్టారు కోటేశ్వరిని పక్కకి పిలిచి ఏదో చెప్పారు. ఆమె మంచుడబ్బా, తడిపిన దుప్పటి తీసుకుని వెళ్లి కానుగ కింద కూర్చుంది. ఆయన స్టూలు వేసుకుని, కాళ్ల దగ్గర బకెట్టుతో నీళ్లు పెట్టుకుని, చేతిగడియారం విప్పి అరచేతిలో పట్టుకున్నారు. పున్నారావుని హాల్లో, ప్లానులో కంట్రోలు పెట్టె ఉండాల్సిన చోట నిలబెట్టారు.

"ఇప్పుడు మిట్టమధ్యాహ్నం, ఇంట్లో పిల్ల ఒక్కతే ఉంది అనుకో. నువ్వు మిషనువి. మిషను ఏం చేస్తుందో అదే చెయ్యి, ఏం చెబుతుందో అదే చెప్పు. పది నిమిషాలు. అక్కణ్ణించి ఒక్క అడుగు వెయ్యొద్దు."

పిల్లతో మాత్రం మెత్తగా మాట్లాడారు. ఇది నీ ఇల్లమ్మా, ఈ తెల్ల గీతలన్నీ గోడలు, నీకు ఎక్కడ కూర్చోవాలనిపిస్తే అక్కడికెళ్లి కూర్చో, ఒంట్లో ఏమాత్రం బాగోకపోయినా తాతయ్యా అని ఒక్క కేక వెయ్యి అన్నారు. పిల్ల సరేనని తలూపింది.

ఆటంటూ మొదలెడితే పిల్లలంత నిజాయితీ పెద్దవాళ్లకి ఉండదు. మోక్షిత వీధి గుమ్మంలో, లేని పట్టామీద కాళ్లు తుడుచుకుంది. గీత ఎక్కడా తొక్కకుండా, తలుపు విడిచిన చోటునించే తన గదిలోకి వెళ్లింది.

"గది ఇరవై ఏడు. ఏసీ వేశాను" అన్నాడు పున్నారావు, కాస్త గర్వంగానే.

పిల్ల గది మధ్యలో గొంతుక్కూర్చుంది. నాలుగు వైపులా చూసింది. నిమిషం కూడా కాకముందే లేచింది. పిల్ల గది దాటింది, ఫోనుకి కబురు పంపాను, హాలు ఇరవై ఎనిమిది అని చెప్పాడు మిషను. పిల్ల వీధి గుమ్మం దగ్గరికొచ్చి, తాళం ఉండాల్సిన చోట గాల్లో వేలు ఆనించింది.

"బయట నలభై రెండు. తలుపు రాదు."

"ఒక్కసారి నాన్నా."

పున్నారావు మాస్టారి వంక చూశాడు. ఆయన గడియారం చూసుకుంటున్నారు. తలుపు రాదు అన్నాడు వాడు మళ్లీ, ఈసారి గొంతు తగ్గించి.

పిల్ల మారాం చెయ్యలేదు. వెనక్కి తిరిగి, హాలు దాటి, పడమటి గోడ దాకా నడిచింది. గీతకి జానెడు ఇవతల ఆగిపోయింది. అక్కడ తలుపు లేదు, కిటికీ లేదు. ఎదురుగా కానుగ నీడ, బోరింగు, నీళ్ల చప్పుడు. ఇంకెక్కడికీ పోకుండా అక్కడే నిలబడి అటు చూస్తూ ఉండిపోయింది. వీపుమీద ఎండ పడుతోంది. నెత్తిమీది తువ్వాలు అంచులు ఆరిపోవడం నాకు కనిపిస్తూనే ఉంది. నీళ్ల సీసా రెండుసార్లు నొక్కింది, అందులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

పున్నారావు నిలబడ్డ చోటునించే పిల్లవైపు చెయ్యి చాపాడు. "మోక్షీ, గదిలోకి వెళ్లమ్మా" అన్నాడు. మిషను అలా బతిమాలుతుందా అని అడిగారు మాస్టారు, తలెత్తకుండానే. నాకు పట్టరాని కోపం వచ్చింది. గురువైతే కావచ్చు, ఈయన పాఠానికి పచ్చని పిల్లని ఎండబెడతారా అనిపించింది. నీళ్లు తీసుకుని నేను ఒక అడుగు వేశాను. ఆయన చూపుడువేలు ఎత్తారు. ఆ వేలికి ఇరవయ్యేళ్ల కిందట భయపడ్డాను, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజూ భయపడి ఆగిపోయాను. ఆయన రెండో చెయ్యి మాత్రం బకెట్టులో మునిగిన తడిగుడ్డ మీదే ఉంది.

ఎనిమిదో నిమిషం అన్నారు.

అప్పుడు బోరింగు దగ్గరున్న ఆడపిల్లల్లో పెద్దది, పమిట కొంగు బొడ్లో దోపుకున్నట్టు ఓణీ దోపుకుని, ఇటు చూసింది. ఏయ్ పాపా, అంత ఎర్రబడ్డావేంటి, ఇలా వచ్చి కూచో, నెత్తిన నీళ్లు కొడతా అని పిలిచింది.

"రాలేనక్కా. గోడ ఉంది" అంది మోక్షిత.

వాళ్లంతా పకపకా నవ్వారు. ఎక్కడే గోడ, ఉత్త ముగ్గేగా అంది ఇంకో పిల్ల.

"లేదు, గోడే. మా నాన్న కట్టాడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల గొంతులో కోపం లేదు. అదే నాకు భరించలేనట్టుగా అనిపించింది. చెవులు పండుమిరపకాయల్లా ఎర్రబడ్డాయి, పెదాలు ఆరిపోయాయి, అయినా తాతయ్యా అని పిలవలేదు, అమ్మనీ పిలవలేదు. ఆ నీళ్లకేసే చూస్తోంది. కానుగ కింద కోటేశ్వరి దుప్పటి పట్టుకుని లేచి నిలబడింది.

"మిషను ఏమంటోందోయ్ పున్నారావ్?" అని అడిగారు మాస్టారు.

వాడు నోరు తెరిచాడు. హాలు ఇరవై ఎనిమిది అన్నాడు. బ్యాటరీ నిండుగా ఉంది అన్నాడు. తలుపులన్నీ వేసున్నాయి అన్నాడు. ఒక్కొక్కటీ చెబుతుంటే కళ్లనించి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా వాడికి తోచలేదు.

"అంతా సరిగ్గానే ఉంది" అన్నాడు.

అంటూనే పరిగెత్తాడు. తలుపు విడిచిన చోటుకి పోలేదు. సూటిగా పిల్ల మీదికి వెళ్లి, ఒక్క ఊపున చంకనేసుకుని, తెల్లవారుజామున నాతో కలిసి అంత జాగ్రత్తగా పోసిన ముగ్గుమీంచే, చెప్పుకాళ్లతో ఈడ్చుకుంటూ అవతలికి వెళ్లిపోయాడు. పిల్లని పట్టుకునే పంపు కింద కూలబడ్డాడు. ఎవరూ చెప్పకముందే ఓణీ పిల్ల పంపు కొట్టడం మొదలెట్టింది. కోటేశ్వరి తడిదుప్పటి కప్పింది, మెడ దగ్గరా చంకల్లోనూ మంచు పెట్టింది. నీళ్లు తండ్రినీ కూతుర్నీ కలిపి తడిపేశాయి. కాసేపటికి కోటేశ్వరి పిల్ల మెడమీద చెయ్యి వేసి, చల్లబడిందండీ అంది.

తర్వాత నేను విన్నది మోక్షిత నవ్వు. ఆ చిన్నపిల్లల్లో ఒకతె దోసిలితో మొహాన నీళ్లు కొడితే, ఇది తిరిగి కొట్టింది. నిరుడు ఆస్పత్రినించి వచ్చాక ఆ పిల్ల నవ్వగా నేను వినలేదు. పున్నారావు పంపు దిమ్మెమీద తల వంచుకుని కూర్చున్నాడు, నీళ్లు కారుతున్న చొక్కాతోనే.

మాస్టారు గడియారం పెట్టుకున్నారు. లేచి పడమటి గోడ దగ్గరికి వచ్చారు. చెప్పుల ఒరిపిడికి అక్కడ ముగ్గు చెరిగిపోయి ఎర్రమట్టి తేలింది. నన్ను పిలిచి, చెరిగినంత మేరా టేపు పెట్టి కొలవమన్నారు. రెండడుగుల పది అంగుళాలు వచ్చింది. అక్కడ మళ్లీ ముగ్గు పోసి సరిచెయ్యనా అని అడిగాను. వద్దని, ప్లాను తెప్పించుకుని, పడమటి గోడమీద పెన్సిలుతో ఆ కొలత రాశారు.

పున్నారావు తడిబట్టలతో వచ్చి, ఆయన భుజంమీంచి ఆ అంకె చూశాడు. వాడికి వాదించే ఓపిక లేదు, అయినా భయం ఊరుకోనివ్వదుగా.

"అక్కడ తలుపు పెడితే వేడి లోపలికొస్తుంది మాస్టారూ" అన్నాడు.

"వస్తుంది" అన్నారాయన, టేపు చుట్టి నా చేతిలో పెడుతూ. "వేడిని ఆపడం నేను నేర్పాను. మిగతాది మీ అమ్మాయినడుగు."